బెల్లంతో అతికిన చిలుక

మా ముత్తాత వర్ని వైపు కొన్ని ఊళ్లకు దేశ్‌ముఖ్. ఆ ఊళ్ల శిస్తు ఆయన చేతి మీదుగానే సర్కారుకు పోయేది. మా తాత గడికి, అంటే కోటలాంటి మా ఇంటికి, మీది అంతస్తు ఎత్తించాడు. నిజాంసాగర్ కాలువకు కొలతలు తీసిన ఇంజనీర్లు మా గడిలోనే దిగారు, మా వంటవాళ్లు వండిందే తిన్నారు. మా నాయనమ్మ బోధన్ దగ్గరి ఒక పెద్దింటి ఆడబిడ్డ. ఆమె కాపురానికి వచ్చిన నాడు సామాను బండ్లలో మొదటిది గడి ముందు ఆగేసరికి చివరిది ఇంకా వాగు అవతలే ఉందని మా ఊళ్లో చాలాకాలం చెప్పుకున్నారు.

ఈ మాటలు గొప్పకు రాయడం లేదు. ఎవరింటి సంగతి చదువుతున్నారో తెలియాలని రాస్తున్నాను. ఆ గడిలో వెట్టి చేసినవాళ్ల పిల్లలు దాని గురించి వేరే మాటలు చెప్తారు. చెప్పే హక్కు వాళ్లకు ఉంది. నేను చెప్పబోయేది నాయనమ్మ వెంట ఆ బండ్లలో వచ్చిన ఒక సోఫా గురించి.

ముగ్గురు కూర్చునే సోఫా. ఆకుపచ్చ మఖ్మల్ గుడ్డ, అంచు వెంట ఇత్తడి మొలలు. వీపు పైన, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, నల్లగా మెరిసే టేకు పట్టీ. దాని మీద తీగ చెక్కి ఉండేది. నడుమ మామిడికాయల గుత్తి, దానికి అటొక చిలుక, ఇటొక చిలుక. మా నాన్నను నేను బాపు అనేదాన్ని. బాపు, ఆయన అక్క, అంటే మా మేనత్త, దాన్ని ఎప్పుడూ ‘అమ్మ సోఫా’ అనేవాళ్లు. మా ఇంటివాళ్లం ఎవరమూ దాని మీద వీపు ఆనించి కూర్చోలేదు. ఆనుకునేది అతిథులు, జబ్బుపడ్డవాళ్లు. మేము నిటారుగా కూర్చునేవాళ్లం. నేను ఇప్పటికీ అట్లాగే కూర్చుంటాను.

ఆ సోఫా వల్లనే అక్కాతమ్ముళ్ల మధ్య మాట పోయింది. నాయనమ్మ పోయాక, తల్లి సామాను ఆడబిడ్డకు చెందుతుంది కాబట్టి సోఫా తనకు పంపమని అత్త అడిగింది. గడి హాలులో నుంచి సోఫా తీస్తే హాలు బోసిపోతుందని బాపు పంపలేదు. అత్త మళ్లీ పుట్టింటికి రాలేదు. ఆ తర్వాత హాలే లేకుండా పోయింది. భూములు కౌలుదార్ల పేర్ల మీదికి మారాయి, మారనివి కోర్టులో పడ్డాయి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడాదే మేము గడికి తాళం వేసి నిజామాబాద్ వచ్చి, ఒక పెంకుటింట్లో కిరాయికి దిగాం. బాపు ఒక సహకార సంఘంలో గుమాస్తాగా చేరారు. ఎవరైనా అడిగితే ‘ఆఫీసు చూసుకుంటున్నారు’ అని చెప్పేవాళ్లం. గడి నుంచి మా వెంట వచ్చిన పెద్ద వస్తువు ఆ సోఫా ఒక్కటే. ముందు గదిలో సగం అదే ఉండేది.

నేను మెట్రిక్ చదువుతున్న ఏడు ఆషాఢంలో వానలు గట్టిగా పడ్డాయి. ముందు గది ఉరవడం మొదలైంది. చినుకు మఖ్మల్ మీద పడకముందే సోఫాను జరపాలని బాపు ఒక వైపు, నేనూ అవ్వా ఇంకో వైపు పట్టుకున్నాం. మా అమ్మను నేను అవ్వ అనేదాన్ని. గది ఇరుకు. సోఫా తిప్పుతుంటే పై పట్టీ పోయి తలుపు గొళ్లేనికి తగిలింది. పెద్ద దెబ్బేమీ కాదు. ఎడమవైపు చిలుక ఊడి నేల మీద పడింది.

పడి, పగల్లేదు. పిండి అయింది.

మేము ముగ్గురం ఆ పిండిని చూస్తూ నిలబడ్డాం. లోపలంతా పురుగు తినేసింది. ఇన్నేళ్లూ మేము తుడిచి, నూనె రాసి, ముద్దుగా చూసుకున్నది పైన మిగిలిన పాలిష్ పొరను. బాపు వంగి వేలితో తాకి చూశారు. పసుపుపచ్చ పొడి వేలికి అంటింది. ఆయన ముఖం అట్లా తెల్లబోవడం నేను కోర్టు తీర్పు వచ్చిన నాడు కూడా చూడలేదు.

“వడ్లాయన్ని పిలుద్దాం,” అంది అవ్వ. మా వైపు వడ్రంగిని అట్లాగే అంటారు.

“ఇక్కడికి పిలిస్తే వాడు ఇల్లు చూస్తడు. సోఫాను అక్కడికి పంపితే బజారంత చూస్తది,” అన్నారు బాపు. “సోఫా గడప దాటితే అమ్ముకుంటున్నరంటరు.”

దాని మీద ఒక జంపఖానా కప్పేశారు. మాట అక్కడితో ఆగిపోయింది.

వారం కూడా కాలేదు, అత్త ఇంటి జీతగాడు గంపతో వచ్చాడు. గంపలో వాళ్ల చెరకుతో వండిన నల్లబెల్లం ముద్దలు. వాళ్ల చెరకు చాలామటుకు చక్కెర ఫ్యాక్టరీకే పోయేది, ఇంటికని కొంత వండించుకునేవాళ్లు. అత్త ఇంటి నుంచి మా ఇంటికి ఏదైనా రావడం నాకు తెలిసి అదే మొదలు. అవ్వ గంప అందుకోవడం మర్చిపోయి అట్లాగే నిలబడింది.

“దొరా, దొరసాని చెప్పి రమ్మన్నది,” అన్నాడతను, వాకిట్లోనే నిలబడి. “శ్రావణంల వస్తదంట. ఒడిబియ్యం పొయ్యాల్నంట. అమ్మ సోఫా మీదనే కూసుంటదంట.”

“బావ ఎట్లున్నడు?” అని అడిగారు బాపు.

“లేస్తలేడు దొరా. పక్క మీదనే అన్నీ.”

మా వైపు పుట్టింటివాళ్లు పెళ్లయిన ఆడబిడ్డను కొన్నేళ్లకొకసారి పిలిచి, కొత్త చీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోస్తారు. బియ్యంతో పాటు ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, పసుపుకొమ్ములు. ఆ బియ్యం కొంగున కట్టుకుని ఆమె అత్తింటికి తీసుకుపోయి, వండి నలుగురికీ పెడుతుంది. అన్నో తమ్ముడో ఉండి కూడా ఒడిబియ్యం అందని ఆడదాన్ని ఊళ్లో జాలిగా చూస్తారు. అది ముత్తయిదువకే పోస్తారు. మొగుడు పోతే ఇక లేదు. అత్త ఇన్నేళ్ల కోపం పక్కన పెట్టి ఎందుకు కబురు పంపిందో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. మామ బతికున్నప్పుడే ఒకసారి పుట్టింటి బియ్యం ఒడిలో పడాలి. అది ఈ శ్రావణం కావాలి.

జీతగాడు పోయాక బాపు జంపఖానా తీసి, చిలుక ఊడిన చోటు చూస్తూ చాలాసేపు కూర్చున్నారు. అవ్వ మళ్లీ వడ్లాయన మాట ఎత్తింది. బాపు తల అడ్డంగా ఊపారు.

“గడి మీది అంతస్తు గోడలు ఎవరు కట్టించిండ్రు?” అన్నారు.

“మీ నాయన కట్టించిండు.”

“గచ్చు దగ్గర నిలవడి కలిపించింది నేను. సున్నం, బెల్లం నీళ్లు, కరక్కాయ, మినుపపిండి. ఆ గోడల మొల దిగుతదా నేటికి?”

దిగదు. అది నిజం. గడి గోడకు క్యాలెండర్ తగిలించాలని మొల కొడితే మొల వంగిపోయేది. అందుకే ఆ మాట విన్నప్పుడు నాకు కూడా ధైర్యం వచ్చింది.

కరక్కాయలు నేను దంచాను. సున్నం అవ్వ తెచ్చింది. బాపు కండువా నడుముకు చుట్టుకుని ముందు గదిలో నేల మీద కూర్చున్నారు. మొదటి ముద్ద ఆరేసరికి తెల్లగా తేలింది. టేకు పక్కన తెల్ల చిలుక. దాన్ని గీకేసి, ఈసారి సున్నం బాగా తగ్గించారు. గట్టిదనానికి ఇసుకకు బదులు రంపపు పొట్టు వేశారు. రంగు కోసం, అత్త పంపిన నల్లబెల్లాన్ని పాకం పట్టించి, ముద్ద కాఫీగింజ రంగుకు వచ్చేదాకా పోశారు. ఆ రంగు కుదరగానే ముగ్గురికీ ప్రాణం లేచి వచ్చింది. గచ్చులో సున్నం ఎందుకు వేస్తారో, బెల్లం ఎంత వేస్తారో అప్పుడు ఎవరికీ గుర్తు లేదు. మాకు కావాల్సింది రంగు.

అవ్వ పక్కన నిలబడి చూస్తూ, “అది చిలుకనా, కోడిపిల్లనా?” అంది.

“ఎండనీ. అప్పుడు చూడు.”

“ముక్కు ఇంక జర వంచుండ్రి. గట్లుంటె గింజలు ఏరుకునేటట్టున్నది.”

“నువ్వు అవతలికి పోతె వంచుత.”

అవ్వ నవ్వుకుంటూ వంటింట్లోకి పోయింది. ఆ ఇంటికి వచ్చాక వాళ్లిద్దరూ అట్లా మాట్లాడుకోవడం నేను తక్కువే విన్నాను. చిలుక నిజంగానే బాగా వచ్చింది. కుడివైపు దాన్ని చూసి రెక్క మీద ఈకలు దబ్బనంతో గీశారు. ఆరాక లక్క పాలిష్ రెండు మూడు పూతలు వేశారు. తలుపు దగ్గర నిలబడి చూస్తే ఏది పాతదో ఏది కొత్తదో తెలియలేదు. బాపు అటు నుంచి ఒకసారి, ఇటు నుంచి ఒకసారి చూసి, మఖ్మల్ మీద దుమ్ము దులిపి, చేతులు కడుక్కున్నారు.

“మీద చెయ్యి పెట్టకుండ్రి. మనం ఎట్లనూ ఆనుకోం,” అన్నారు.

శ్రావణమంతా ముసురు. ఇంట్లో ఉప్పు నీరు కారింది. అగ్గిపుల్లలు వెలగలేదు.

అనుకున్న నాటికి అత్త జీపులో కోడలిని వెంటబెట్టుకుని వచ్చింది. నా చిన్నప్పటి జ్ఞాపకంలో ఆమె పొడుగ్గా, చురుగ్గా ఉండేది. జీపు దిగింది మోకాళ్లు పట్టేసిన లావుపాటి మనిషి. కోడలి భుజం పట్టుకుని మెట్లెక్కింది. బాపు గడప బయటికి వెళ్లి కాళ్లకు నీళ్లిచ్చారు. “అక్కా” అన్నారు. “తమ్మీ” అంది. ముందు గదిలోకి రాగానే అత్త సోఫా ముందు ఆగింది. దాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది.

“ఉన్నది,” అంది.

ఆ మాట నాకు వింతగా తోచింది. ఉండక ఎక్కడికి పోతుంది?

పక్కిళ్ల నుంచి అవ్వ పిలిచిన ముత్తయిదువలు వచ్చి చాప మీద కూర్చున్నారు. అత్త కొత్త చీర కట్టుకుని వచ్చి సోఫా నడిమిట కూర్చుంది. కూర్చోవడం మా ఇంటివాళ్లలాగే కూర్చుంది, నిటారుగా. బొట్టు పెట్టారు, కాళ్లకు పసుపు రాశారు. ఆమె కొంగు పరుచుకుని ఒడి పట్టింది. బాపు, అవ్వ దోసిళ్లతో బియ్యం పోయడం మొదలుపెట్టారు. అత్త కళ్లు మూసుకుంది. కళ్ల కొసల నుంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు. రెండు చేతులూ ఒడి పట్టుకుని ఉన్నాయి. ప్రయాణం అలసటో, ఆ క్షణం బరువో, ఆమె మెల్లగా వెనక్కి, ఒక పక్కకు వాలింది. తల పోయి ఎడమవైపు చిలుకకు ఆనింది.

నేను బాపు వైపు చూశాను. ఆయన దోసిలి గాలిలో ఆగిపోయింది.

ముందు ఒక్కటే గండుచీమ, ఆమె మెడ మీద. తర్వాత చెవి వెనక ఇంకొకటి. నేను ‘అత్తా’ అనేలోపే జాకెట్టు వీపు మీదుగా ఒక బారు దిగిపోయింది. అత్త ఒక్క అరుపు అరిచి లేచి నిలబడింది. మోకాళ్లు పట్టేసిన మనిషి అంత వేగంగా లేవగలదని ఎవరం అనుకోలేదు. ఒడి జారింది. బియ్యం మొత్తం నేల మీద జల్లున పడ్డాయి. ఒక కుడుక దొర్లుకుంటూ పోయి సోఫా కింద దూరింది.

ముత్తయిదువల్లో ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఒడిబియ్యం ఒలికితే మొగుడికి కీడంటారు. పక్క మీద ఉన్న మామను తలచుకోనివాళ్లు ఆ గదిలో లేరు. అత్త మెడ మీద కొట్టుకుంటూనే కింద బియ్యాన్ని చూస్తోంది. అవ్వ కూలబడి, బియ్యాన్ని రెండు చేతులతో దగ్గరికి ఊడ్చబోయింది.

“ముట్టకు,” అంది అత్త. అవ్వ చేతులు వెనక్కి తీసుకుంది.

కోడలు వచ్చి అత్త వీపు దులిపింది. అప్పుడు అత్త వెనక్కి తిరిగి, చీమలు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూసింది. చిలుక మెడ దగ్గర మెత్తబడి నొక్కుకుపోయింది. పాలిష్ పగిలిన చోటి నుంచి చీమలు పిల్లలను నోట కరుచుకుని పరుగులు పెడుతున్నాయి. ఆమె చిలుకను పట్టుకుని లాగింది. అది మైనం ముద్దలా ఊడి వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

“ఇది బెల్లం,” అంది. మళ్లీ వాసన చూసింది. “ఇది మా బెల్లమే.”

కోడలు కిసుక్కున నవ్వింది. అత్త ఒక్క చూపు చూసేసరికి ఆ నవ్వు అక్కడే ఆగింది.

“తమ్మీ, అమ్మ సోఫాకు గచ్చు పెట్టినవా?”

బాపు తల వంచలేదు. “గడి గోడకు పెట్టిన గచ్చే,” అన్నారు.

“గోడ మీద ఎవరన్న ఒడిబియ్యం పోయించుకుంటరా? ఊర్లె వడ్లోళ్లు లేరా?”

“సోఫా బయటికి పోతె అమ్ముకుంటున్నడని అంటరు.”

అత్త చేతిలోని ముద్దను బల్ల మీద పెట్టింది. చాలా నెమ్మదిగా, ఆ గదిలో నేనూ బాపూ తప్ప ఎవరూ లేనట్టు నా వైపు కూడా చూసి, బాపుతో అంది:

“అమ్ముకున్నవనే అనుకున్న తమ్మీ. నేనొక్కదాన్నే గాదు, అందరు అనుకుంటున్నరు. ఊర్లె, బోధన్ల, మీ బావ సుత. ఎప్పుడో అమ్ముకొని తిన్నడన్నరు. ఉన్నదా లేదా చూడనీకే సోఫా మీద కూచుంటనని కబురు పంపిన.”

మేము కిరాయింట్లో ఉన్నాం, నిజమే. ఒక కూరతో తిన్నాం. నేను అవ్వ పాత చీరలు చించి కుట్టిన లంగాలతో బడికి పోయాను. కానీ ఆ సోఫాను అమ్మాలన్న మాట మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు. అమ్ముతున్నారని ఎవరైనా అనుకుంటారేమోనని బాపు దానికి వడ్రంగి చేయి కూడా తగలనివ్వలేదు. అట్లాంటిది, ఎవరేమనుకుంటారోనని మేము భయపడ్డామో వాళ్లంతా ఎప్పుడో అదే అనుకుని, నమ్మి, మర్చిపోయారు కూడా. సొంత అక్క నమ్మింది.

బాపు గోడకు చేయి ఆనించి నిలబడ్డారు. ఆయనను అట్లా నేను అంతకుముందు చూడలేదు.

అవ్వ కొత్త బియ్యం కలుపుతానంది. అత్త వద్దంది. కనీసం కొబ్బరికాయైనా ఒడిలో పెట్టించుకోమంది. అదీ వద్దంది.

“దీన్ని బాగుచేయించు,” అంది గడప దగ్గర బాపుతో. “నేను మళ్లొస్త. గీ సోఫా మీదనే పోయించుకుంట. మీ బావ ఉండంగనే చేయించు.”

ఖాళీ కొంగుతో జీపెక్కింది.

మర్నాడు పొద్దున బాపు ఆఫీసుకు వెళ్లలేదు. వీధి చివరికి పోయి ఒక ఒంటెద్దు బండి మాట్లాడుకుని వచ్చారు. సోఫాను బండి మీదికి ఎక్కించారు. అవ్వ జంపఖానా తెచ్చి కప్పబోతే, “కప్పకు,” అన్నారు. బండి వెనక ఆయన నడిచారు, నేను ఆయన వెనక నడిచాను. మా వీధిలో బాపు ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. ఎవరైనా నమస్తే పెడితే తల ఊపేవారు, అంతే. ఆ రోజు సోఫాను చూసి ఒక్కొక్కరే అరుగుల మీది నుంచి లేచారు.

“అమ్ముతున్నరా దొరా?” అని మిర్చీల కొట్టాయన అడిగాడు.

“లేదు. బాగుచేయిస్తున్న,” అన్నారు బాపు, ఆగి, ఆయన ముఖం చూస్తూ.

కొంచెం దూరం పోయాక సైకిల్ మీద పోతున్న ఒకాయన అదే అడిగాడు. బాపు మళ్లీ ఆగారు. “బాగుచేయిస్తున్న.” గంజ్ మార్కెట్ దాకా అట్లాగే అడిగినవాళ్లందరికీ జవాబు చెప్పుకుంటూ పోయారు. అడగనివాడు ఒకడు ఊరికే చూస్తుంటే వాడికి కూడా చెప్పారు. నేను నేల చూసి నడిచాను. ఆయన మాత్రం వీపు నిటారుగా పెట్టుకునే నడిచారు.

వడ్లాయన గంజ్ వెనక రేకుల షెడ్డులో పనిచేసేవాడు. నోరు ఆగని మనిషి. పట్టీ మీద మిగిలిన ముద్దను గోటితో గీకి, “ఇదేంది దొరా, హల్వాయితోని చేపిచ్చిండ్రా?” అన్నాడు.

“నేనే చేసిన,” అన్నారు బాపు.

అతను ఒక్క క్షణం తడబడి, “ఆకారం మంచిగనే తీసిండ్రు. చీమలు ఖాళీ చేసినంక పని మొదలువెడ్త,” అన్నాడు. నేను బాపు కోప్పడతారనుకున్నాను. ఆయన ముఖంలో నవ్వు లాంటిది కనిపించి పోయింది.

పై పట్టీ తీయాలంటే ముందు మఖ్మల్ అంచు వదులు చేయాలి. వడ్లాయన ఇత్తడి మొలలు ఒక్కొక్కటి పీకి సత్తు గిన్నెలో వేశాడు. గుడ్డ వెనక్కి మడిస్తే లోపల కొబ్బరిపీచు, దాని కింద చెక్క చట్రం. చట్రం గట్టిగా ఉంది. పై పట్టీని మాత్రం ఉలితో లేపగానే ఆ పొడుగునా పొడి రాలింది. కుడివైపు చిలుకను బొటనవేలితో నొక్కి చూశాడు. వేలు లోపలికి దిగింది.

“ఇది సుత పోయింది దొరా. ఈ కొస నుంచి ఆ కొస దాక కొత్తది చెక్కాలె. పాత టేకు ఉంటె తెండ్రి. కొత్త చెక్క పెడితె ఎండకాలంల నోరు తెరుస్తది.”

“తెస్త,” అన్నారు బాపు.

ఎక్కడి నుంచి అని నేను అడగలేదు. ఆ ఆదివారం బస్సులో ఊరికి పోతున్నప్పుడు కూడా, గడిలో ఏ పాత దూలమో ఉంటుందనుకున్నాను. మీది అంతస్తు కప్పు అప్పటికే కూలి ఉంది. దూలాలను ఎవరో ఎప్పుడో పట్టుకుపోయారు. ఆ ఊళ్లో మునుపైతే బాపు బస్సు దిగితే పిలవకముందే మనుషులు వచ్చేవాళ్లు. ఆ రోజు కూలికి మాట్లాడుకోవాల్సి వచ్చింది. వచ్చినవాళ్లకు బాపు చూపించింది గడి దర్వాజను. మా ముత్తాత పెట్టించిన రెండు రెక్కల టేకు దర్వాజ. రెక్క ఒక్కటి లేపడానికి మనుషులు చాలక ఇంకా ఇద్దరిని పిలిచారు.

మా వెంట వచ్చిన వడ్లాయన రంపం చేతిలో పట్టుకుని, మొదటిసారి ఏ హాస్యమూ లేకుండా, “కోస్తె మళ్ల నిలవెట్టుడు కాదు దొరా,” అన్నాడు.

“కొయ్యి,” అన్నారు బాపు.

రంపం కింద పొట్టు ఎర్రగా రాలింది. తడి లేదు, పురుగు లేదు. ఊరివాళ్లు దూరంగా నిలబడి చూశారు. నేను ఆ దర్వాజ వెనక దాక్కుని ఆడుకున్నదాన్ని. నాకు ఏడుపు రాలేదు. తెరిచి ఉన్న సగంలో నుంచి గడి లోపలి పిచ్చిచెట్లు బజారుకు కనిపిస్తున్నాయి.

పట్టీ తయారై, పాలిష్ అయి, గుడ్డ మళ్లీ బిగించేసరికి ఆశ్వయుజం దాటింది. వడ్లాయన చిలుకల ముక్కులు కొంచెం పొడుగు పెట్టాడు. “తన ముక్కే చెక్కిండు,” అంది అవ్వ. తీగ పాతంత సన్నంగా లేదు. కానీ గట్టిగా ఉంది. సోఫాను మళ్లీ ఏమీ కప్పకుండానే బండి మీద తెచ్చారు.

కార్తీకంలో అత్త వచ్చింది. మామ పక్క మీదనే అయినా ఇంకా ఉన్నాడు. ఆమె ఈసారి సోఫా మీద కూర్చోకముందే చేత్తో పట్టీ పొడుగునా తడిమి చూసింది. ఎక్కడిదీ చెక్క అని అడిగింది. బాపు చెప్పారు. ఆమె చేయి పట్టీ మీదనే ఆగిపోయింది. చాలాసేపు తమ్ముడి ముఖం చూసింది.

“దర్వాజ కోసినవా?” అంది.

“బావ ఉండంగనే అన్నవు కదా అక్కా.”

అత్త కొంగు పరిచింది. అవ్వ తన దోసిలి బాపు దోసిలి కింద పెట్టింది. ఒక్క గింజ కింద పడలేదు. అత్త నిండు ఒడితో జీపెక్కి పోయి, ఆ బియ్యం వండి మామకు తన చేత్తో తినిపించిందని తర్వాత కోడలు చెప్పింది. మామ ఆ మాఘం దాటలేదు. సోఫాను తనకు పంపమని అత్త మళ్లీ అడగలేదు.

ఒక రెక్కతో గడి దర్వాజ మూయడం కుదరదు. మిగిలిన రెక్కను, చౌకట్టును, ఇనుప గొలుసును బోధన్ దారిలో రైస్‌మిల్లు కట్టుకుంటున్న ఒకాయనకు ఆ వేసవిలో అమ్మేశాం.